వాడరేవు నీటి అడుగున ఎరుపు

సముద్రం అడుగున వేలిగోరంత ప్రాణుల్ని ఫొటోలు తీస్తానంటే మా స్కూలు స్టాఫ్‌రూములో ఇప్పటికీ నవ్వుతారు. అండమాన్‌లో డైవింగ్ నేర్చుకున్నప్పటి నుంచి నా సెలవులన్నీ అటే పోయాయి. ఈసారి మాత్రం దూరం పోలేదు. కారణం మా అమ్మ మరియమ్మ. గుంటూరులో పాతికేళ్ళుగా మిరపకాయలు ఏరే పని ఆమెది. ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయల్ని తీసి పక్కన పడేయాలి. గత నెల పని కొత్త షెడ్డుకు మారాక మేస్త్రి, "మరియమ్మా, నీకు చూపు ఆనట్లా. నీ కుప్పలో తాలు మిగిలిపోతంది" అన్నాడు. కంటి డాక్టరు ఏ లోపమూ లేదని చెప్పినా అమ్మ నమ్మలేదు. పని మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. అది చూడలేక బలవంతంగా బయలుదేరదీశాను.

ఫిబ్రవరి చివరి శనివారం తెల్లవారుజామున గుంటూరులో రైలెక్కాం. తెనాలి, బాపట్ల మీదుగా చీరాలకు రెండు గంటలు పట్టలేదు. అక్కణ్ణుంచి వాడరేవుకు షేర్ ఆటోలో ఇరవై నిమిషాలు. దారి పొడవునా మంచు కమ్ముకుని, చేలూ చెట్లూ సగం నిద్రలో ఉన్నట్టున్నాయి.

తాడేపల్లి నుంచి సుధీర్ గాలి సిలిండర్లతో కారులో వచ్చి ఉన్నాడు. డైవింగ్ నేర్పే మనిషి. అతను తోడు లేనిదే నేను నీళ్ళలో దిగను. ఫైబర్ పడవ పోలయ్యగారిది, అరపూటకు మూడు వేలు తీసుకుంటారు. ఏళ్ళ కిందట మునిగిపోయిన చేపల పడవ ఒకటి నలభై అడుగుల లోతున ఉందనీ, వలలు దానికి చిక్కుకుంటాయనీ ఆయనే చెప్పారు. "నీళ్ళు తేటగా ఉన్నయ్యి టీచరుగారూ. పదకొండు దాటితే గాలి లేస్తది, ఈలోపే తేల్చుకోవాల" అన్నారు.

ఎనిమిదిన్నరకు దిగాను. పైన ఇంజను మోత ఆగిపోయి, నా ఊపిరి చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆకుపచ్చ వెలుతురు నెమ్మదిగా ఊగుతోంది. చేపలు నన్ను లెక్కచెయ్యకుండా పక్కనుంచే పోతున్నాయి. అక్కడ ఎంతసేపైనా ఉండిపోవచ్చనిపించింది. నేను వెతుకుతున్నది న్యూడిబ్రాంక్, అంటే గవ్వ లేని సముద్రపు నత్త. రంగుల్లో దాన్ని మించింది లేదు. మన తీరంలో ఒక్కటీ నా కంటబడలేదు. తీరా చూస్తే కెమెరా ఫ్లాష్ వెలగనని మొండికేసింది. ఉన్న వెలుతురులోనే ముప్పై ఫొటోలు తీశాను. అన్నీ బూడిద రంగే.

పైకొచ్చి విసుగ్గా కూర్చున్నాను. మాతోపాటే పడవెక్కిన అమ్మ ఊరికే ఉండలేక కెమెరా తీసుకుని ఫొటోలు తిప్పుతోంది. ఒకచోట ఆగింది.

"అమ్మాయ్, ఇదేందే?"

"చచ్చిన గవ్వలమ్మా. అంతా తాలు." ఆ మాట నోరు జారాక నాలుక కరుచుకున్నాను.

అమ్మ తల ఎత్తలేదు. "మూడు తాలే. ఈ నాలుగోది కాదు. తాలుకాయకి అంచు ముడుచుకుపోతది. దీని అంచు చూడు, ఎంత నిండుగా ఉందో. ఇది ఎర్రది." అంతలోనే కెమెరా నా ఒళ్ళో పెట్టేసింది. "ఏమోలే, నా కళ్ళని నమ్మి మళ్ళీ దిగమాకు."

నాకు సిగ్గేసింది. నీళ్ళు ముందుగా ఎరుపునే మింగేస్తాయని పదో తరగతికి పాఠం చెప్పేదాన్ని నేనే. లోతుకు పోతే ఎర్రది కూడా బూడిద రంగులోనే కనిపిస్తుంది. ఆ సంగతి అమ్మకు చెప్పాను. "అంటే లైటు లేకపోతే ఎర్రకాయా తాలూ ఒకటేనా?" అంది. "ఒకటే" అన్నాను. ఆమె ఏదో ఆలోచనలో పడింది.

గంట విశ్రాంతి తర్వాత, అప్పుడే గాలి లేస్తోంటే, పోలయ్యగారు ఇరవై నిమిషాలే ఇచ్చారు. సుధీర్ దగ్గరున్న టార్చి తీసుకుని, అతనితోనే మళ్ళీ దిగాను. అదే విరిగిన చెక్క, అవే మూడు గవ్వలు, పక్కన నాలుగోది. టార్చి వేశాను. ఎరుపు! అప్పుడే కోసిన పండుమిరపకాయ ఎరుపు, చుట్టూ సన్నటి తెల్లటి అంచు. అది మెల్లగా పాకుతోంది. ఆనందం పట్టలేక నవ్వాను, మాస్కులోకి నీళ్ళొచ్చాయి.

పైకొచ్చేసరికి అమ్మ పడవ అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, పోలయ్యగారివైపు తిరిగి, "నేను చెప్పలా?" అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆరేళ్ళుగా అందమైనవన్నీ దూరాన ఉంటాయనుకుని తిరిగాను. ఉన్నవాటిని చూడగలిగే మనిషి మా ఇంట్లోనే ఉంది, అది నాకు తట్టలేదు. డైవింగ్ సర్టిఫికెట్ ఉండి, తోడుతో ఇటు రావాలనుకునేవారికి ఒకటే చెబుతాను: పట్టపగలైనా సరే, చేతిలో టార్చి లేకుండా దిగకండి.

ఒడ్డుకు చేరి ఫోనుకు సిగ్నల్ రాగానే అమ్మ మేస్త్రికి ఫోన్ చేసింది.

"అబ్బాయ్, మరియమ్మని. కొత్త షెడ్డులో నన్ను కూర్చోబెట్టిన మూలకి లైటు లేదు. సోమారం వస్తన్నా, లైటు పెట్టించు."