పదిహేడో నంబరు వేపచెట్టు

పదవీ విరమణకు ఏడాది ముందు, జూన్ మొదటి వారంలో, ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసరుగా నాకు గచ్చిబౌలిలో ఒక రోడ్డు వెడల్పు పని అప్పగించారు. కొట్టేయాల్సిన చెట్లకు గుర్తు పెట్టడం నా బాధ్యత. అరచేతి మేర బెరడు చెక్కి, లోపలి తెల్ల చెక్క మీద శాఖ సుత్తితో ముద్ర కొట్టి, అక్కడే రంగుతో నంబరు వేస్తాం. ముద్ర లేని చెట్టు మీద గొడ్డలి పడకూడదు.

ముద్రలు కొట్టిన మర్నాడు పొద్దున చూస్తే పదిహేడో నంబరు వేపకు గాయమే లేదు. బెరడు నిండుగా ఉంది. పగలు నరికితే తెల్లారేసరికి అతుక్కుపోయే మాయచెట్టు కథ మా అమ్మమ్మ చెప్పేది. అంత సర్వీసు చేసినవాణ్ని, ఐటీ కంపెనీల బస్సులు బారులు తీరిన రోడ్డు మీద నిలబడి, ఆ కథను నమ్మాను. కూలీల మేస్త్రీ మల్లయ్య గొడ్డలి కింద పెట్టి, "గిది మనతోని కాదు సార్" అన్నాడు.

అవతలి వైపు మళ్లీ ముద్ర కొట్టి, మరుసటి రోజు తెల్లవారుతుండగానే వెళ్లాను. ఎదుటి కంపెనీలో ఊడ్చే నర్సమ్మ, నేను చెక్కి పారేసిన బెరడు ముక్కల్ని మట్టీ పేడా కలిపి ముద్ర మీద అతికిస్తోంది. నన్ను చూసి మట్టి చేతులు జోడించింది.

"మా ఆయన పెట్టిన చెట్టు సార్. గుండె ఆపరేషనై దవాఖానల ఉన్నడు. చెట్టు పచ్చగున్నన్ని దినాలు నాకేం గాదంటడు. రోజూ అడుగుతడు, చెట్టెట్లున్నదని."

ఆ రోజే పై అధికారిని ఒప్పించి, వేపను వేళ్లతో సహా తీసి వేరేచోట నాటడానికి అనుమతి తెచ్చాను. జాబితాలో పదిహేడో నంబరు కొట్టేశాను. నిబంధన ప్రకారం మాను మీది ముద్రలనూ గాట్లు పెట్టి రద్దు చేయాలి. అందుకు ఆమె అతికించిన బెరడు ఊడదీయాలి. మనసొప్పలేదు. మల్లయ్యకు రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆ రాత్రి పెద్ద వాన. మట్టి కరిగి బెరడు ఊడింది. కూలీలు చూసేది మానును, నా జాబితాను కాదు. నేను వెళ్లేసరికి మొదలే మిగిలింది.

"ఈసారి ముద్ర మాయం కాలే సార్. చెట్టే ఒప్పుకున్నదనుకున్నం" అన్నాడు మల్లయ్య.

నర్సమ్మ ఏడవలేదు. "రేపు మా ఆయన్ని దవాఖానకెల్లి ఇంటికి పంపుతమన్నరు సార్. ఆయనకేం చెప్పాలె?" అంది.

మిగిలిన ఏడాది సర్వీసులో, కొట్టకుండా వదిలేయాల్సిన ప్రతి చెట్టుకీ ముందు మాను మీది ముద్ర రద్దు చేసి, ఆ తర్వాతే జాబితాలో నంబరు కొట్టేశాను.