కిటికీకి కట్టిన ఎర్ర మూట

ఇల్లు ఖాళీ చేయమని ఓనరు చేత అనిపించుకోవాలంటే బాడుగ ఎగ్గొట్టాలి, లేదా ఆయనతో తగువు పెట్టుకోవాలి. నేను రెండూ చేయలేదు. కిటికీలు తుడిచాను, అంతే! నాలుగు కిటికీలు తుడిచి, భార్యాబిడ్డల్ని సామాన్లతో సహా రోడ్డు మీదికి తేబోయిన ఘనుణ్ణి నేను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ పూట మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అలిపిరికి కూతవేటు దూరంలో మా ఇల్లు. ఆ చుట్టుపక్కల బాడుగకు ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. ఓనర్లంతా గదులు గదులుగా చేసి యాత్రికులకు ఇచ్చుకుంటున్నారు. మా పాప బడి రెండు వీధుల అవతలే. నా భార్య సుజాత ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఐదేళ్ళు కష్టపడి తెచ్చుకున్న గిరాకీ అంతా ఆ వీధిదే. ఇల్లు మారితే ఆమె మళ్ళీ మొదటి జాకెట్టు నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఆ ఏడు కార్తీకంలో పట్టిన ముసురు వదల్లేదు. ఉతికిన బట్టలన్నీ ఇంట్లోనే తీగల మీద ఆరాయి. ఆరాయని అనడమే గానీ, వేలాడాయి. దోమలు వస్తాయని కిటికీలన్నీ నేనే బిగించి పెట్టాను. పొద్దున లేచేసరికి అద్దాల లోపలివైపు నీళ్ళు ధారలు కట్టేవి. ఆ నీళ్ళు టేకు చెక్కలోకి దిగి మూలమూలలా నల్లచుక్కల బూజు పట్టింది.

"కిటికీలు తెరువయ్యా. పొద్దున ఒక గంట తెరిచిపెట్టి పొడిగుడ్డతో తుడిస్తే అదే పోతాది" అంది సుజాత.

"దోమలు కుట్టి జరమొస్తే ఆస్పత్రికి నువ్వు తిప్పుతావా?"

"ఈ బూజుగాలికి దగ్గొస్తే నువ్వు తిప్పుతావా?"

వినపడనట్టు ఇంకో కిటికీ గడియ బిగించాను. ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను నేర్చిన విద్య అదొక్కటే.

అంతలో ఓనరు మునిరత్నం నాయుడి ఫోను. వడమాలపేటలో ఉంటాడు. ఆ టేకు కిటికీలంటే ఆయనకు ప్రాణం.

"ఏమప్పా, మా కిటికీలు నల్లబడినాయంట గదా?"

"అబ్బే, ఏదో కొంచెం మూలల్లో..."

"కొంచెమో గించెమో. గురువారం మా అమ్మను పిలుచుకోని వస్తా ఉండా. కిటికీలు బాగుంటే అగ్రిమెంటు మళ్ళీ రాసుకుందాం. లేకుంటే ఖాళీ చేసెయ్. నేను గూడా గదులేసుకుంటా."

పెయింటరును పిలిస్తే గీకాలి, రుద్దాలి, పాలిష్ పెట్టాలి అని పెద్ద చిట్టా చదివాడు. నాకు పౌరుషం వచ్చింది. ఇంత మనిషిని ఉండగా నా కిటికీలకు పరాయివాడి చేయి ఎందుకు? ఫోను తీసి వీడియోలు చూశాను. గల్లుప్పు తేమను పీల్చేస్తుందట. బొగ్గు కూడా పీల్చేస్తుందట. నిమ్మచెక్కతో రుద్దితే బూజు ఊడిపోతుందట. అన్నీ ఇంట్లో ఉన్నవే! ఆ రాత్రి గర్వంతో సగం నిద్ర పట్టలేదు.

సుజాత పాపను తీసుకుని, ఒంట్లో బాగాలేని చెల్లెల్ని చూడ్డానికి రేణిగుంట వెళ్ళి ఉంది. గురువారం పొద్దున్నే నేను పని మొదలుపెట్టాను. కార్తీక దీపాలకు తెచ్చిన మట్టి మూకుళ్ళు మిగిలి ఉంటే, వాటి నిండా గల్లుప్పు పోసి కిటికీకి రెండు చొప్పున పెట్టాను. బొగ్గుల్ని మూటలు కట్టాలి. సుజాత గుడ్డపీలికల బుట్టలో చేయిపెడితే, పెళ్ళిళ్ళ రోజులు కదా, వచ్చిన ముక్కల్లా ఎర్రముక్కే. ఎనిమిది ఎర్రమూటలు కట్టి కిటికీ ఊచలకు వేలాడదీశాను. నిమ్మకాయలు కోసి చెక్కచెక్కకూ రుద్ది, ఆ నల్లబడిన నిమ్మచెక్కల్ని ఉప్పు మీదే పెట్టాను. ముక్కవాసన పోవాలని గుప్పెడు సాంబ్రాణి పొగ కూడా వేశాను. చొక్కా విప్పేసి, తువ్వాలు చుట్టుకుని, బొగ్గుచేత్తోనే నుదుటి చెమట తుడుచుకుంటూ నా పనితనాన్ని చూసి నేనే మురిసిపోయాను.

చదివే మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. అదీ నా తెలివి.

పది గంటలకు సుజాత, పాపను బడిలో దింపి, వచ్చింది. గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏందయ్యా ఇది?"

"తేమకు మందు. ఎట్లుండాది?"

"తేమకా? నా తలకాయకా? ఈ రోజు ఏం రోజో తెలుసునా నీకు?"

"గురువారం."

"అమావాస్య!"

ఒక్కసారి నా ఇంటిని నేను పరాయివాడి కళ్ళతో చూశాను. ఎర్రమూటలు. ఉప్పు. కోసిన నిమ్మకాయలు. పొగ. మధ్యలో నుదుట మసితో నేను.

"పీకు, పీకు! వాళ్ళు వచ్చే వేళైంది" అని సుజాత ఒక మూట మీద పడింది. నేను ఇంకొకదాని మీద పడ్డాను. చెమ్మకు ముళ్ళు బిగుసుకుపోయి ఒక పట్టాన ఊడి రాలేదు. గోళ్ళతో లాగాను, పళ్ళతో లాగాను. మూట చిరిగి బొగ్గంతా గచ్చు మీద పడింది. అప్పుడే బయట కారు ఆగింది.

తలుపు తెరుచుకోగానే ముందు పొగ బయటికి వెళ్ళింది, తర్వాత నాయుడి తల్లి లోపలికి తొంగిచూసింది. ఎనభై దాటిన మనిషి. ఒక చూపు చూసి, కొడుకు చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"మునిరత్నం, లోపలికి అడుగు పెట్టొద్దురా! చేతబడి!"

నాయుడి ముఖం పాలిపోయింది. "ఏందప్పా ఇది? నా ఇల్లు కాజేయాలనా?"

"తేమకేనన్నా! ఒట్టు! తేమ పీల్చడానికి!"

"తేమకు నిమ్మకాయలు కోస్తారా ఎవురన్నా?"

"ఫోన్లో చూసి చేసినానన్నా!"

"సూడు, సూడు, ఇప్పుడు ఇవి గూడా ఫోన్లోనే నేర్పిస్తా ఉండారు!" అంది అవ్వ బుగ్గ నొక్కుకుని.

"రేపు పొద్దునకల్లా ఖాళీ చెయ్యాల" అన్నాడు నాయుడు. "ఒక్క మాట గూడా వినను."

సుజాత కుట్టుమిషను వైపు చూసింది. ఏడవలేదు గానీ కళ్ళు నిండాయి. నన్ను తిట్టినా బాగుండేది. నాకు సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గడప దగ్గరికెళ్ళి అవ్వకు చేతులు జోడించాను.

"ఏం చేస్తే నమ్ముతావవ్వా?"

అవ్వ కిటికీలోని నిమ్మచెక్క వైపు వేలు చూపించింది. "చేతబడి కాదంటావే, అయితే ఆ నిమ్మచెక్క, ఆ ఉప్పు నీళ్ళలో కలుపుకోని నా కళ్ళ ముందర తాగు. చేసినోడు తాగితే ఆడికాడనే రక్తం కక్కుకుంటాడు. నిజం తేలిపోతాది."

ఆ నిమ్మచెక్క రెండు కిటికీల బూజు నాకిన చెక్క! సుజాత నా చెవిలో "ఇల్లు పోతే పోనీలేయ్యా, తాగొద్దు" అంది. ఆ మాటతో నాకు ఇంకా మొండితనం వచ్చింది. చెంబెడు నీళ్ళలో ఉప్పు కలిపి, చెక్క పిండాను. నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. కళ్ళు మూసుకుని గడగడా తాగేశాను. తడిసిన గోనెసంచి రుచి అది.

అవ్వ నా నోటివైపే చూస్తోంది. నాయుడు నా నోటివైపే చూస్తున్నాడు. ఇక్కడ గనక వాంతి చేసుకుంటే ఇల్లూ పోతుంది, పరువూ పోతుంది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. ఒక త్రేన్పు వచ్చింది, అంతే.

అవ్వ ముఖం మారింది. రెండడుగులు వెనక్కి వేసి కొడుకును గేటు దాకా లాక్కెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. నాయుడు తిరిగొచ్చాడు. ఇన్నేళ్ళూ నన్ను నువ్వు అన్న మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, అగ్రిమెంటు మీకెప్పుడు వీలైతే అప్పుడే రాసుకుందాం. మీరు ఎన్నేళ్ళన్నా ఉండండి. కిటికీలదేముంది సార్."

కారు వెళ్ళాక సుజాత నవ్వాపుకోలేక గచ్చు మీద బొగ్గుల్లోనే కూలబడింది. గేటు దగ్గర అవ్వ అన్నమాట ఆమెకు వినపడిందట. "మామూలోడైతే ఈపాటికి పోవాల. ఈనికి త్రేన్పు వచ్చింది! పెద్ద మంత్రగాడురా. ఈన్ని పంపితే మనకే దెబ్బ."

మర్నాడు సుజాత కిటికీలన్నీ బార్లా తెరిచింది. పొద్దునపూట తెరవడం, పొడిగుడ్డతో తుడవడం, తడిబట్టలు మిద్దెమీద రేకుల కింద ఆరేయడం. పదిహేను రోజుల్లో బూజు పోయింది. ఖర్చు ఒక పాత బనియను.

మొన్న అవ్వ ఫోన్ చేసింది. "మా ఆవు పాలియ్యకుండా తన్నుతా ఉండాది స్వామీ, ఒక ఎర్రమూట కట్టిస్తావా?" నేను నోరు తెరిచేలోపు సుజాత ఫోను లాక్కుని "శుక్రవారానికి ఇస్తాడవ్వా" అంది.

కాబట్టి, ఏడుకొండలవైపు తిరిగి, తలస్నానం చేసి, నలుగురి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కిటికీకీ తెరవడం తప్ప మరో వైద్యం చేయను. ఈ ఆవు సంగతి తేలిపోయాక.