మా ఆయన పట్టిన పథ్యం

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, ఫ్యాను గాలి ఇటే వస్తుంది. ఈ పథ్యం కథ వినాలి మీరు.

మా ఆయనది ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. తను వెళ్ళకపోతే వైన్ షాపు మూతపడిపోతుందేమోనని ఆయనకు మహా జాలి. ఒక్క సాయంత్రమూ తప్పకుండా దాన్ని పోషించాడు. కిందటేడు కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రికి పోదామంటే, "పచ్చకామెర్లకి డాక్టరు ఏటే? పసరు తాగాల" అని తగరపువలస దాటి ఓ పల్లెలో పసరు పోసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన పసరు తాగించి, ఉప్పు, నూనె, పులుపు, చేపలు మానమన్నాడు.

అబ్బో, ఏం నిష్ఠ! పప్పులో తాలింపు వాసన తగిలితే చాలు, కంచం తోసేసేవాడు. "నన్ను సంపేత్తావేటే?" అని నామీద కేకలు. చీకటి పడితే మాత్రం క్వార్టరు సీసా మూత తిప్పేవాడు. ఇదేమిటయ్యా అంటే, "పత్తెంలో తాగుడు మాట సెప్పనేదు కదే!"

కొన్నాళ్ళకే పైకడుపులో నొప్పి లేచి వీపులోకి పొడుచుకుపోయింది. ఆటోలో వంగిపోయి వాంతులు చేసుకుంటూ కూడా "గ్యాసేనే" అన్నాడు. డాక్టరు స్కానింగ్ చూసి, కాలేయం చెడిందనీ, క్లోమం కూడా వాచిందనీ, రెండూ తాగుడు వల్లేననీ చెప్పాడు. మళ్ళీ తాగితే ప్రాణానికి పూచీ లేదన్నాడు. అంతా శ్రద్ధగా విని, "ఇంతకీ సేపలు తినొచ్చా సార్?" అని అడిగాడు మా ఆయన. డాక్టరు నా ముఖం చూశాడు.

ఇంటికొచ్చిన వారానికే లుంగీ మడతలో సీసా దొరికింది. ఇక అరిచి లాభం లేదని, బస్సెక్కి ఆ పసరు పెద్దాయన దగ్గరికే పోయాను.

"పసరొద్దు బాబూ, పత్తెం ఒక్కటీ ఇయ్యి."

"ఏటి పత్తెం తల్లీ?"

"తాగొద్దని సెప్పు. డాక్టరు మాట ఇనడం నేదు, నీ మాటైతే ఇంటాడు."

"ఓలమ్మా, అది కూడా సెప్పాలేటి!" అని నోరెళ్ళబెట్టి, నా ఫోన్లోనే మా ఆయన్ని గదమాయించాడు. "సుక్క ముట్టుకున్నావంటే నాను పోసిన పసరు ఇసమైపోద్ది!"

అంతే, మానేశాడు. నా ఏడుపుకు కరగని మనిషి, స్కానింగ్‌కు బెదరని మనిషి! ఆసుపత్రి మాత్రలు వేళకు నేనే వేస్తున్నాను. చెడిందంతా తిరిగి రాదట, మిగిలింది కాపాడుకోవాలట. మొన్న పరీక్షలు చూసి డాక్టరు కాస్త మెరుగన్నాడు. మా ఆయన ఠీవిగా నావైపు తిరిగి, "సూసినావా, పసరు పవరు!" అన్నాడు. అవునన్నాను. మనిషి దక్కాడు, గొప్ప ఎవరికి పోతేనేం?

మీ ఇంట ఎవరి కళ్ళూ పచ్చబడకూడదు తల్లీ. పనికెళ్ళినవాళ్ళు తిన్నగా నడిచొచ్చి గుమ్మమెక్కాలి. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి.