ఇచ్చింది రాయాలి

నందిగామలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో దేవమణి టీచర్ తెలుగు క్లాసంటే పక్క సెక్షన్ పిల్లలు కూడా కిటికీలోంచి తొంగిచూసేవాళ్లు. జగ్గయ్యపేట నుంచి బస్సులో నిలబడి వచ్చినా క్లాసులో అడుగుపెట్టేసరికి ఆమె మొహంలో అలసట కనిపించేది కాదు. వ్యాసం రాయించాలంటే ముందు కబుర్లు చెప్పించేది. "మీ పత్తిచేలో ఏం జరిగిందో అది రాయరా, పుస్తకంలోది నాకెందుకు?" అనేది. తప్పులు దిద్దేది గానీ, పిల్లలు తమ మాటల్లో రాసింది ఎప్పుడూ కొట్టేసేది కాదు.

స్కూలు చేతులు మారి రత్నబాబు కరస్పాండెంట్ అయ్యాక పద్ధతి మారింది. ప్రతి పరీక్ష తర్వాత మీటింగు. మార్కులు తగ్గిన సబ్జెక్టు టీచరు అందరి ముందూ లేచి నిలబడాలి. మొదటి మీటింగులోనే దేవమణి లేచి నిలబడింది.

"కథలు బావుంటాయి మేడమ్, కాదన్ను. కానీ పేపరు దిద్దేవాడికి కావాల్సింది పాయింట్లు. ఈసారి కూడా తెలుగులో మార్కులు పోతే నేనేం చెయ్యలేను" అన్నాడు రత్నబాబు. కేకలు వేయలేదు. నెమ్మదిగానే అన్నాడు.

భర్త ప్రేమదాసు నడుం దెబ్బతిని సిమెంటు ఫ్యాక్టరీ పని మానేశాక ఇల్లంతా ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది. మర్నాటి నుంచి గైడు తెచ్చి వ్యాసాలు డిక్టేషన్ చెప్పడం మొదలుపెట్టింది. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. పిల్లలు తల ఎత్తకుండా రాసుకునేవాళ్లు.

పదో తరగతిలో అమూల్య అని ఒక పిల్ల ఉండేది. చిల్లకల్లులో హైవే పక్కనే ఇల్లు. లారీ నడిపే తండ్రి ఏడాది కిందట యాక్సిడెంట్‌లో పోయాడు. తల్లి పుష్పవతి మిరపకోతలకు వెళ్తూ పిల్లను చదివిస్తోంది.

యూనిట్ టెస్టులో 'మా నాన్న' మీద వ్యాసం వచ్చింది. అందరూ గైడులోది దించారు. అమూల్య మాత్రం ఇట్లా రాసింది: "మా నాన్న ఇంటి ముందు నుంచి వెళ్తూ హారన్ కొట్టేవాడు. అది వినగానే అమ్మ ఎసరు పెట్టేది. ఊరి చివర లారీ పెట్టి ఆయన నడిచి వచ్చేలోపు అన్నం ఉడికేది. ఎన్ని లారీలు వెళ్లినా నాన్న హారన్ అమ్మకు తెలిసేది. ఇప్పుడు అన్నీ ఒక్కలాగే వినబడుతున్నాయంటుంది."

దేవమణి అది చదివింది. మొదటి నుంచి మళ్లీ చదివింది. ఆ పేపర్లు రత్నబాబు కూడా తిరగేస్తాడు. పాయింట్లు లేని వ్యాసానికి మార్కులు వేశావేమని అడిగితే ఏం చెప్పాలి? ఆమె ఎర్రపెన్నుతో అడ్డంగా గీత గీసి, ఎనిమిదికి రెండు వేసి, 'ఇచ్చింది రాయాలి' అని రాసింది.

పేపర్లు పంచుతుంటే రత్నబాబు వరండాలో నిలబడి ఉన్నాడు. అందుకే ఆమె గొంతు పెంచింది. "నీ ఇంటి సంగతులు పరీక్షలో ఎవరిక్కావాలి అమూల్యా? ఇచ్చింది రాయి, చాలు."

అమూల్య "సరేనండి" అని కూర్చుంది. ఏడవలేదు. ఆ తర్వాత క్లాసులో చెయ్యెత్తడం మానేసింది.

ప్రీఫైనల్‌లో మళ్లీ అదే వ్యాసం వచ్చింది. దేవమణి స్టాఫ్ రూములో దిద్దుతూ అమూల్య పేపరు దగ్గర ఆగిపోయింది. "మా నాన్నగారు ప్రతిరోజూ నన్ను బడికి తీసుకువస్తారు. సాయంత్రం నాతో పాఠాలు చదివిస్తారు. ఆయన నిండు నూరేళ్లు జీవించాలని దేవుని ప్రార్థిస్తున్నాను." గుండ్రటి అక్షరాలు. ఒక్క తప్పు లేదు.

ఆ పిల్లను పిలిచి మాట్లాడాలనుకుంది. కానీ సాయంత్రానికి మార్కులు ఇవ్వాలి. అంతా గైడు ప్రకారమే ఉందని ఎనిమిదికి ఎనిమిది వేసేసింది. రత్నబాబు ఆ పేపరు జెరాక్సు తీయించి మిగతా సెక్షన్లకు పంచాడు.

పబ్లిక్ పరీక్షల ఫలితాలు గొప్పగా వచ్చాయి. స్కూల్లో సభ పెట్టి దేవమణి మెడలో బంతిపూల దండ వేశారు. తెలుగులో స్కూలు ఫస్టు అమూల్య.

సభ అయ్యాక పుష్పవతి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి దణ్ణం పెట్టింది. "మీ చలవేనండి టీచర్ గారూ. ఇదివరకు ఊరికే ఏయ్యో రాసుకుంటా కూచునేది. వాళ్ల నాన్న గురించే ఎప్పుడూ. ఇప్పుడా ధ్యాసే లేదు, బుద్ధిగా చదువుకుంటంది."

"నేను చేసిందేం లేదమ్మా" అంది దేవమణి. నిజంగానే అంది గానీ, టీచరు వినయం కొద్దీ అంటోందనుకుని పుష్పవతి మరోసారి దణ్ణం పెట్టి, రత్నబాబుకు చెప్పి వస్తానని అటు వెళ్లింది.

ఇద్దరే మిగిలారు. దేవమణి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"అమూల్యా, యూనిట్ టెస్టులో నువ్వు మీ నాన్న గురించి రాశావు చూడు. నా సర్వీసులో అంత మంచి వ్యాసం చదవలేదమ్మా. భయపడి కొట్టేశా."

అమూల్య తలెత్తి చూసింది. కోపం లేదు ఆ మొహంలో. ఏదీ లేదు.

"అప్పుడే చెప్పాల్సిందండి" అంది.

ఇంతలో తల్లి పిలిచింది. చిల్లకల్లు మీదుగా వెళ్లే జగ్గయ్యపేట బస్సు వచ్చే వేళయింది. దేవమణి వెళ్లాల్సింది కూడా ఆ బస్సులోనే. వాళ్లిద్దరూ గేటు దాటే దాకా చూసి, స్టాఫ్ రూములోకి వెళ్లి కూర్చుంది. ఆ బస్సు వెళ్లిపోయాక గానీ లేవలేదు.