లిండెని మూడో వేషం

ఎషోవే కొండల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త లిండెని. ఇరవై ఏళ్లుగా వాకిళ్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు. ఈసారి ఆ నోరే కొంప ముంచింది.

పరీక్షలో హెచ్‌ఐవీ తేలిన బోనిసివెకు ధైర్యం చెప్పబోయి, "నీ ఒంట్లో దాన్ని పట్టుకునే యాంటీబాడీలు పుట్టుకొచ్చాయి తల్లీ. కావలివాళ్లనుకో" అంది. కావలివాళ్లుండగా మాత్రలెందుకని బోనిసివె ఆరు వారాలుగా మందు మానేసింది. సంగతి తెలిసిననాడే లిండెని బయల్దేరింది.

వెళ్లి చెబుదామంటే గేటు దగ్గర బోనిసివె అత్తగారు మాసిథోలే కుర్చీ వేసుకుని కూర్చుంది. "మా కోడలు గుండ్రాయిలా ఉంది. నువ్వొస్తే వీధంతా గుసగుసలు. వెళ్లు."

లిండెని తన పొడుగాటి ఎర్ర జడల విగ్గు తీసేసి, వారం తర్వాత ఉంగరాల జుట్టు పెట్టుకెళ్లింది. వాకిట్లో సగం దూరం నడిచేసరికి ఆమె పలకరింపు విని ముసలమ్మ గొంతు గుర్తుపట్టి సాగనంపింది. ఆనాటి నుంచి మాసిథోలే ఉంగరాల జుట్టు కోసమూ కాపు కాసింది.

గురువారం ప్రార్థన సంఘం ఆడవాళ్ల ఎర్ర రవికా, తెల్ల టోపీ వేసుకుని వచ్చింది లిండెని. నోరు మాత్రం విప్పలేదు. మాసిథోలే తనే లేచి గేటు తీసింది.

"రామ్మా, మనవాళ్లే. ఆ ఎర్ర జడలది వేపుకు తింటోందనుకో."

బోనిసివె టీ తెచ్చి, మొహంలోకి చూసి పకపకా నవ్వేసింది. "లిండెని అక్కా!"

లిండెని టోపీ తీసింది. "అవ్వా, నీ కావలికి వంక పెట్టలేను. కానీ నువ్వు ఒక జుట్టు గుర్తుపట్టేలోగా నేను ఇంకోటి పెట్టాను. ఆ వైరసూ అంతే. యాంటీబాడీలు నిన్నటి రూపం నేర్చుకునేసరికి మార్చేస్తుంది. పైగా మన ఒంటి చక్కెరల్నే మీద కప్పుకుంటుంది, ఈ రవికలాగ. మనవాళ్లే అనుకుని వదిలేస్తాయి."

"మరి మాత్రలు?" అంది బోనిసివె.

"అవి పై వేషం చూడవే. లోపల అది పిల్లల్ని పెట్టకుండా అడ్డుపడతాయి. కావలి ఉందని చెప్పాను గానీ అది మోసపోతుందని చెప్పలేదు. తప్పు నాదే."

మాసిథోలే ఆ రవిక అంచు పట్టి చూసింది. తర్వాత, "ఆ రవిక ఎవరిది?" అంది.

"మా వదినది."

"చర్చిలో అందరి ముందూ మాటిచ్చి వేసుకునే రవిక అది. విప్పు."

లిండెని లోపావడా మీద దుప్పటి చుట్టుకుని టీ తాగాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత మర్యాద ఎక్కడా జరగలేదు.

కప్పు ఖాళీ అయ్యేసరికి బోనిసివె చెప్పులు వేసుకుని, మాత్రల సీసా సంచిలో పెట్టుకుని నిలబడింది. "మళ్లీ మొదలుపెట్టే ముందు క్లినిక్‌లో చూపించుకోవాలిగా, అక్కా?"

మాసిథోలే తన పాత గౌను లిండెని ఒళ్లోకి విసిరింది. ఇద్దరు పట్టే గౌను. అది తొడుక్కుని, రెండు చేతులా ఎత్తిపట్టుకుని లిండెని ముందు నడిచింది, వెనక బోనిసివె. గేటుకు తాళం వేసి, అత్తగారూ బయల్దేరింది.