పరదేశి మంచం, రబ్బరు పరుపు

చోడవరంలో నులక మంచాలు అల్లే పరదేశి మాటలకు కొలత ఉండేది కాదు. తన మంచం మీద మాడుగుల వైపు నుంచి వచ్చిన ఏనుగొకటి మధ్యాహ్నమంతా నిద్రపోయి, లేచి, ఒళ్లు విరుచుకుని వెళ్లిందనేవాడు. ఏనుగును చూసినవాళ్లు లేరు గానీ, అతని మంచం కుంగడం చూసినవాళ్లూ లేరు. మంచం అల్లగానే తానే వెల్లకిలా పడుకుని, వీపుకు నచ్చితేనే ఇచ్చేవాడు.

ఆ పేరుకు రబ్బరు పరుపుతో ముప్పు వచ్చింది. భార్య మంగాయమ్మ నడుం నొప్పి చూడలేక చెరకు రైతు గణపతిరావు దాన్ని విశాఖపట్నం నుంచి బస్సు టాపు మీద తెప్పించాడు. వీధి వీధంతా వచ్చి వేలితో నొక్కి చూసింది.

"దీనికి ఇనప మంచం కావాలటరా. అనకాపల్లిలో అమ్ముతన్నారు" అన్నాడు గణపతిరావు పరదేశితో.

ఆ ఇంట్లోకి ఇనుము వస్తే, నెల తిరక్కుండా కలిగినవాళ్ల ఇళ్లన్నిటిలోకీ వస్తుంది. ఇక తనను పిలిచేదెవరు?

"నా మంచముండగా ఇనుమెందుకు బాబూ? ఈ పరుపునే కాదు, దాన్ని తెచ్చిన బస్సునీ మోస్తాది" అన్నాడు పరదేశి.

కొత్త నులకతో మంచం బిగించి అల్లి, పరుపు వేసి, అలవాటుగా తానే పడుకున్నాడు. మంచం కదల్లేదు. చీపురుపుల్లలాంటి మనిషి పడుకుంటే ఏ మంచం కదులుతుంది? ఆ రాత్రి నిండైన మనిషి మంగాయమ్మ పడుకునేసరికి పరుపూ నులకా కలిసి ఉయ్యాలయ్యాయి. తెల్లారి ఆమెను లేపడానికి ఇద్దరు పట్టారు.

"ఏటి పరదేశీ, నీ ఏనుగు నాకంటే సన్నమా?"

"పడుకున్నాక సిక్కిపోనాది అమ్మగోరూ!"

వడ్రంగి దాసు దగ్గర పలకలు తెచ్చి, సందు లేకుండా నులక మీద పరిచాడు. మంగాయమ్మ నడుం కుంగకుండా నిలిచింది. కానీ ఆ ఉక్కలో వారం తిరిగేసరికి పరుపు అడుగు చెమర్చి తడిగోనె వాసన కొట్టింది.

"నేను అనకాపల్లి బస్సెక్కుతన్నాను" అన్నాడు గణపతిరావు.

"ఆగండి" అంది మంగాయమ్మ. "రోలుగుంటలో మా అమ్మ ఉల్లిపాయలు వెదురు బద్దల మీద పోసేది. కింద గాలాడితే కుళ్లేవి కావు. ఈ పలకల్నే బద్దలు కోసి, వేలెడు సందులిచ్చి కొడితే?"

"పట్టెల నిండా నులకే సుట్టుంది, మేకులు దిగాలంటే దాన్ని కొయ్యాలమ్మా" అన్నాడు పరదేశి. గొంతు తగ్గింది.

"అయితే కొయ్యి."

కత్తి తీసి అలాగే నిలబడ్డాడు. పాతబడిన నులక ఊడదీయడం అతనికి తెలుసు. నిన్నగాక మొన్న అల్లినదాన్ని కోయడం తెలియదు.

"నువ్వు కొయ్యకపోతే ఇనుమొస్తాది" అంది మంగాయమ్మ నెమ్మదిగా. "పట్టెలూ కోళ్లూ అవే కదా. నీ మంచం కాకుండా పోతాదేటి?"

మొదటి తాడు టంగుమని తెగింది. మిగతావి అంత మోగలేదు. దాసు బద్దలు కోసి ఇస్తే పరదేశి సాయంత్రానికి కొట్టేశాడు. మంగాయమ్మ పడుకుని అటూ ఇటూ దొర్లింది. మంచం కిక్కురుమనలేదు.

కొన్నాళ్లకు ఆమె ఎవరి చెయ్యీ పట్టకుండా లేచి పెరట్లోకి నడిచింది. గణపతిరావు పరుపెత్తి అడుగున అరచెయ్యి పెట్టాడు. పొడిగా ఉంది. అనకాపల్లి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ కబురు విని ఇంకొకరు బద్దల మంచం కావాలని పరదేశి గుమ్మంలోకి వచ్చారు. వాళ్లు వెళ్లాక అతని భార్య దేముడమ్మ నవ్వింది.

"అల్లడం తప్ప నీకేటొచ్చు? ఇదెప్పుడు నేర్సేవు?"

"నేర్సడమేటే, బద్దల మంచం కనిపెట్టిందే నాను!"

అంటూనే తువ్వాలు భుజాన వేసుకుని, రంపం పట్టడం నేర్చుకోవడానికి దాసు ఇంటివైపు నడిచాడు.