తోకలో దాచుకున్న తిండి

కాజాల అక్కకు పురుగంటే రోత. అయినా నాలుగు నెలలుగా ఆమెకు తెల్లవారేది పురుగుల ముఖం చూసే. ఆరున్నరకల్లా ప్లాస్టిక్ డబ్బా మూత తీసి, గుడ్ల అట్టల మడతల్లో నక్కిన కీచురాళ్ళకు క్యారెట్ ముక్కలు వేస్తుంది. రోజు విడిచి రోజు ఐదింటిని గ్లాసులోకి దులిపి, చిటికెడు కాల్షియం పొడి చల్లి, గ్లాసును మెల్లగా తిప్పుతుంది. ఒళ్ళంతా తెల్లబడ్డ పురుగును పట్టకారుతో గాజు తొట్టిలోకి అందిస్తే, మచ్చల బల్లి తల పక్కకు వంచి చూసి, ఒక్క ఉదుటున కరుచుకుంటుంది. ఆ క్షణం మాత్రం ఆమె కళ్ళు మూసుకుంటుంది.

బల్లి తమ్ముడిది. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకు పదహారు. దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టి వాడిని పెంచింది; ఆ పనే ఆమెకు పేరైపోయింది. వాడు బస్సు కండక్టరయ్యాక కూడా ఏ వేళకు ఇల్లు చేరినా బల్ల మీద మూత పెట్టిన కంచం ఉండేది. తినొచ్చానని మొత్తుకున్నా వదిలేది కాదు.

“నన్ను మేపినట్టు దాన్ని మేపకే అక్కా, పగిలి చస్తుంది,” అనేవాడు.

“కాకిపిల్ల కాకికి ముద్దు, బల్లిపిల్ల నీకు ముద్దు. దాని జోలికి నేనెందుకొస్తాను?”

జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళేరోజు వాడు తొట్టికి ఒక కాగితం అతికించాడు: ‘ఒక్కసారికి ఐదే. పావుగంటలో తినకపోతే తీసెయ్. మర్చిపోకక్కా.’ వారం తిరిగేసరికి వాడు లేడు. కాగితం మిగిలింది.

“ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ? గోడ మీదున్నవి చాలవా నీకు?” అన్నాడు దుకాణంలో కటింగ్ మాస్టరు.

“గోడ మీదవి వాటి తిండి అవి చూసుకుంటాయి మాస్టారూ. దీనికి నేను తప్ప ఎవరున్నారు?”

చలి ముదిరాక బల్లి తినడం మానేసింది. పట్టకారు మూతి దాకా తెచ్చినా ముఖం తిప్పుకునేది. ఎనిమిదో రోజు ఆమె మగవాళ్ళ చొక్కాకు ఆడవాళ్ళ వైపు కాజాలు కుట్టింది. ఇరవై రెండేళ్ళలో అదే మొదటి తప్పు.

“ఏమైందమ్మా?” అన్నాడు మాస్టరు.

“తినట్లేదు మాస్టారూ.”

“ఎవరు?”

“బల్లి.”

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

మర్నాడు ఆమె ఎనిమిది కీచురాళ్ళను తొట్టిలో వదిలి పనికి వెళ్ళింది. కాగితంలోని మాట గుర్తుంది. కానీ ఆకలి గడియారం చూసి వేస్తుందా? ఏ వేళకు వేస్తే ఆ వేళకు తింటుంది. మూత పెట్టిన కంచం లాంటిదే కదా అనుకుంది.

సాయంత్రం తలుపు తీసేసరికి బల్లి తొట్టిలోని కుండపెంకు నీడన కదలకుండా పడి ఉంది. రెండు కీచురాళ్ళు దాని కనురెప్ప దగ్గర ఉన్నాయి. మిగతావి తోక మీద. దాన్ని తువ్వాలులో చుట్టి, తమ్ముడికి బల్లినీ పురుగులనూ అమ్మిన అతని దగ్గరికి పరుగెత్తింది.

“లోపలే వదిలేశారా?” అన్నాడతను.

“ఆకలేస్తే తింటుందని...”

“దీనికి ఆకలెక్కడిదమ్మా? చలికి తినదంతే. తోక ఎంత లావుందో చూడండి. తిండంతా అందులో దాచుకుంటుంది, నెల రోజులైనా ఆగుతుంది. ఆకలి పురుగులది. మేత దొరక్కపోతే నిద్రపోయేదాన్నైనా కొరుకుతాయి. మీ తమ్ముడు చెప్పలేదా?”

“తీసెయ్యమన్నాడు. ఎందుకో నేనడగలేదు.”

అతను ఇచ్చిన మందు గాయాలకు రెండు రోజులు రాసింది. మూడో ఉదయం బల్లి చచ్చిపోయింది. తోక మాత్రం ఇంకా లావుగానే ఉంది. తమ్ముడి పాత యూనిఫాం చొక్కా చేయి కత్తిరించి, అందులో చుట్టి, పెరటి గోడ పక్కన పాతిపెట్టింది.

లోపలికొచ్చి పొయ్యి మీద నీళ్ళు మరిగించింది. గిన్నె ఎత్తుకుని కీచురాళ్ళ డబ్బా మూత తీసింది. వెలుతురు పడగానే, రోజూలాగే, కీచురాళ్ళు అట్టల మడతల్లోంచి పైకి పాకి వచ్చి ఆగాయి.

ఆమె వంచబోయిన గిన్నెను వెనక్కి తీసుకుంది. తర్వాత దాన్ని కింద పెట్టి, క్యారెట్ తరిగి వేసింది. ఎదురుగా కూర్చుని గడియారం చూసింది. సరిగ్గా పావుగంటకు, మిగిలిన ముక్కలు తీసేసింది.